పార్కింగ్ లాట్‌లో పెళ్లివారు

నాయనా నిశాంత్,

నీ ఫంక్షన్ హాల్‌కి లిక్కర్ లైసెన్స్ ఇవ్వొద్దని గుడిలో మనవాళ్లంతా సంతకాలు పెట్టారు. నేను పెట్టలేదు. అత్తయ్యకీ కోపం వచ్చిందనుకుని ఫోన్ చేయడం కూడా మానేశావు, వెర్రివాడా.

మొన్న తార పెళ్లికి మగవాళ్లంతా నీ పార్కింగ్ లాట్‌లో డిక్కీలు తెరుచుకుని తాగారు. మీ మామయ్య “ఒక్కటే తీసుకున్నా” అంటూ, చేతిలో ఉన్న కారు తాళం కోసం జేబులన్నీ వెతికారు. మిగతావాళ్లు అలాగే హైవే ఎక్కారు.

అందుకే మంగళవారం సిటీ కౌన్సిల్‌కి వచ్చి, లైసెన్స్ ఇమ్మనే చెప్తాను. లోపల తాగితే కనీసం కనిపిస్తారు.

లైసెన్స్ వచ్చాక బార్‌కి ఎదురుగా నాకో కుర్చీ వేయించు. రెండో గ్లాసు అడిగేవాళ్లు నా మొహం చూసి అడగాలి, మీ మామయ్యయినా సరే.

నీ అత్తయ్య