కిటికీ పక్క సీటు

తమ్ముడూ,

నిన్న ట్రైనింగ్ పూల్ దగ్గర అడిగావు, "అక్కా, సముద్రంలో ఆయిల్ రిగ్గుకి వెళ్లడానికి పాత హెలికాప్టర్ మంచిదా, కొత్తదా?" అని. అప్పుడు కోపంలో ఉన్నాను, ఇప్పుడు చెబుతున్నాను.

పాతది పళ్లు కదిలేలా ఊగుతుంది గానీ ప్రతి సీటుకీ ఓ కిటికీ ఉంది. కొత్తదాని ఇంజన్లు నమ్మకమైనవి, నీళ్లలో పడితే తేల్చే బెలూన్లూ పెద్దవి. కాకపోతే ఇద్దరికి ఒకటే కిటికీ. బోల్తా పడితే కిటికీ పక్కవాడు ముందు బయటపడాలి. అతను కదిలితేనే రెండోవాడికి దారి.

నిన్న మా నకిలీ హెలికాప్టర్ క్యాబిన్‌ని నీళ్లలో తలకిందులు చేస్తే, కిటికీ పక్కనున్న నువ్వేం చేశావు? పక్క సీట్లో ఉన్నది పెద్దాయన కదా అని, బస్సు దిగుతున్నట్టు "ముందు మీరు" అన్నట్టు చెయ్యి చూపించావు! ఇద్దర్నీ నేనే బయటికి లాగాల్సి వచ్చింది. పాపం, ఆయన సాయంత్రం దాకా దగ్గుతూనే ఉన్నాడు.

కొత్తదే మంచిది. కానీ నిన్ను అందులో ఎక్కనివ్వను. నీ ట్రైనర్‌గా పాస్ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టలేదు. అమ్మకి నువ్వే చెప్పుకో.

రేపు మళ్లీ రా. ఈసారి లాగడానికి నేను బయట ఉండను, నీ పక్క సీట్లో ఉంటాను. నువ్వు కదలకపోతే నేనూ బయటికి రాలేను.

నీ అక్క