రాసేవాళ్లు ఏడుగురు, చూసేవాణ్ణి ఒక్కణ్ణి

టోక్యో హెడ్డాఫీసు నాణ్యతా విభాగం తచికావా గారికి,
యొనాగో శాఖ నించి కురమోచి నమస్కారాలు.

మళ్లీ డెవలపర్నే పంపించారు. నేనడిగింది టెస్టర్ని. ఇప్పుడు ప్రోగ్రాం రాసేవాళ్లు ఏడుగురయ్యారు. అది పనిచేస్తోందా లేదా అని నొక్కి చూసేవాణ్ణి నేనొక్కణ్ణే. జూలై నించి దీవులకెళ్లే పడవ టికెట్లు మన ప్రోగ్రామే కొట్టాలి. తేడా వస్తే సముద్రస్నానాలకొచ్చిన జనమంతా రేవులోనే ఉండిపోతారు. ఒక్క టెస్టర్ని ఇప్పించండి.

ఇట్లు,
కురమోచి

తా.క. ఇద్దరు పెద్దలు, ఒక సైకిలు అని కొడితే సైకిలుకి కిటికీ పక్క సీటిచ్చి పెద్దల్ని నిలబెట్టింది.

*

కురమోచి గారికి,
వానలు పట్టుకున్న ఈ రోజుల్లో తమరు కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మీ ఉత్తరం అందగానే హుషారుగా లెక్కలు తీశాను. ఇంత ప్రోగ్రాంకి ఇన్ని తప్పులు దొరకాలని మన కంపెనీలో ఒక మోతాదుంది కదా. మీరు పట్టినవి అందులో సగం కూడా లేవు. తప్పులే లేనిచోట ఇంకో టెస్టరు దేనికి? ముందు మోతాదు అందుకోండి.

భవదీయుడు,
తచికావా

తా.క. సైకిలు లెక్కలోకి రాదు. దానికి మీరు ఫారం రాయలేదు.

*

తచికావా గారికి,
గొడుగు ఆరబెట్టుకుంటూ రాస్తున్నాను, నమస్కారాలు.

ఇక్కడ అందరం ఒకే బల్ల చుట్టూ కూచుంటాం. "హొసొయా, నీ సైకిలు కూచుంది, లేపు" అంటే ఆ కుర్రాడు టీ చల్లారేలోపు దిద్దేస్తాడు. ఇక కాగితం ఎక్కేదెప్పుడు? సరే, ఇవాళ్టినించి ప్రతిదానికీ ఫారం రాసి ముద్ర కొడతాను.

ఇట్లు,
కురమోచి

తా.క. ఈ మాట చెప్పగానే, ఫారం రాయొద్దని కుర్రాళ్లు నా టీ పక్కన బియ్యప్పిండి చెక్కలు కూడా పెట్టారు. తింటున్నాను, ఫారాలూ రాస్తున్నాను.

*

కురమోచి గారికి,
వాన తెరిపిచ్చింది, తమరూ తెరిపిన పడ్డారనుకుంటాను.

శుభవార్త. మీ తప్పులు మోతాదు దాటేశాయి. మా విభాగమంతా లేచి చప్పట్లు కొట్టింది. ఇన్ని దిద్దాలంటే ఆ ఏడుగురూ చాలరు గనక ఇంకో నలుగురు డెవలపర్లని పంపుతున్నాం.

భవదీయుడు,
తచికావా

తా.క. వీళ్లు చాలా వేగంగా రాస్తారు.

*

తచికావా గారికి,
చెమట తుడుచుకుంటూ నమస్కారాలు.

వేగం సంగతి నిజమే. వాళ్లు రాసింది నొక్కలేక నా వేలు వాచింది. అందుకని పదకొండు మందినీ నిలబెట్టి రాయి, కాగితం, కత్తెర ఆడించాను. ఓడిన అయిదుగుర్ని టెస్టర్లని చేశాను. పక్కవాడి తప్పు పట్టడంలో ఇంత సుఖముందని ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదట, భోజనానికి కూడా లేవట్లేదు. ఇవాళ మొదటి పడవ వెళ్లింది. రేవులో ఒక్కరూ మిగల్లేదు. మిమ్మల్ని అడగకుండా చేశాను, తప్పే. కానీ ఈ అయిదుగుర్నీ ఇలాగే ఉండనివ్వండి.

ఇట్లు,
కురమోచి

తా.క. ఓడినవాళ్లలో హొసొయా ఒకడు. నా ఫారాల్లోనే తప్పులు పట్టేస్తున్నాడు.

*

కురమోచి గారికి,
ఈసారి వాతావరణం సంగతి రాసే తీరిక లేదు.

మీకు చీవాట్లు పడాలనే మీ ఉత్తరం డైరెక్టరు గారికి చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, "మరి మీ విభాగంలో రాసేవాళ్లెందరు, చూసేవాళ్లెందరు?" అన్నారు. చూసేవాళ్లం పద్నాలుగు మందిమి. రాసేవాళ్లు లేరు. సాయంత్రానికల్లా మమ్మల్ని శాఖలకి పంచేశారు. మీ అయిదుగురూ అలాగే ఉంటారు. మీ వంతుకి నేనొచ్చాను.

టెస్టరుగానే కదా అని అడిగాను. యొనాగోలో టెస్టర్లు సరిపోయారు, డెవలపరుగా వెళ్లమన్నారు. నేను ప్రోగ్రాం రాసి ఇరవై ఏళ్లయింది. అయినా ఎందుకో మహా హుషారుగా ఉంది. నిన్ననే పుస్తకం కొన్నాను.

మీవాడు,
తచికావా

తా.క. ఇక మోతాదు గురించి బెంగ పెట్టుకోకండి. నేను రాయడం మొదలెడితే ఒక్క రోజులో నా తప్పులతోనే అది నిండిపోతుంది. డైరెక్టరు గారు పిలుస్తున్నారు, బండికి వేళయిందట, ఉంటాను.