నీలం స్కూటర్ అమ్మకం గురించి

లైసెన్సు అధికారి గారికి,

సమస్త జనులకూ ఇందుమూలంగా చాటించేదేమనగా, నా పాత బండ్ల కొట్టులో ఈగలు తప్ప అన్నీ రిజిస్టరుకెక్కాయి.

మొన్న తనిఖీకొచ్చిన మీ గుమస్తా వెనక గదిలో నీలం స్కూటర్ చూసి, "అమ్మేశానని రాశావు, మరి ఇక్కడే ఉందేం బాబాయ్? దెయ్యమా?" అన్నాడు. కొన్న డ్రాయింగు మాస్టారు ఊరెళ్లాడని చెప్పాను.

అది మా ఆవిడ బండి. ఆవిడ పోయాక, "కళ్లెదుట ఉంటే తట్టుకోలేను, అమ్మెయ్ నాన్నా" అని అమ్మాయి పోరితే, అమ్మినట్టు రాసి చూపించాను. నాకు ఏడుపూ రావడం లేదు, ఆకలీ వేయడం లేదు. రోజూ కొట్టు తెరిచి దాని సీటు తుడుస్తాను, అంతే.

తప్పు రాసినందుకు జరిమానా వెయ్యండి. లైసెన్సు మాత్రం తీసెయ్యకండి. కొట్టు మూతపడితే ఆ బండిని దాచడానికి నాకు వేరే చోటు లేదు. మాస్టారి కోసం మనిషిని పంపకండి. అలాంటి మాస్టారు ఎవరూ లేరు, నేనే పుట్టించాను.