వియ్యపురాలి ఐదు గోల్సు

ప్రభుదాసు గారికి,
ఐ.పోలవరం నుంచి మీ మామయ్య ఆశీస్సులు. అందరం కులాసా, నేను తప్ప.

మీరు కొనిచ్చిన గేమ్ కన్సోల్లో ఫుట్‌బాల్ ఆడి, ప్రతి ఆదివారం మీ అమ్మగారి చేతిలో ఓడిపోతున్నాను. ఆవిడ చర్చి నుంచి నేరుగా ఇటే వస్తారు. ముప్పై ఏళ్లు బళ్లో పిల్లల చేత ఫుట్‌బాల్ ఆడించినవాణ్ని! మా టీవీ సెకనుకు అరవై బొమ్మలే చూపిస్తుందని, అందుకే నా చెయ్యి ఆలస్యమవుతోందని మీ అత్తయ్యతో వాదించి, నూట ఇరవై చూపించే మానిటరు కొన్నాను.

మొన్న దాని మీద ఆడాం. నిజమే, బంతి ఎక్కడా చెదరకుండా సాగింది. ఆవిడకీ అలాగే సాగుతుందని మాత్రం నాకు తట్టలేదు. ఐదు గోల్సు వేసేరు.

“ఇది బాగుందండీ అన్నయ్యగారూ! పాత టీవీలో బంతి నా కంటికి సరిగ్గా ఆనేది కాదు,” అన్నారు.

మీ అత్తయ్య చప్పట్లు కొట్టింది, ఆవిడకే.

మానిటరు మంచిదే. ఇక నాకు ఆట నేర్పేవాళ్లు కావాలి. శనివారం రండి. మీ అమ్మగారు అడిగితే, మామయ్యగారింట్లో కొబ్బరికాయల దింపు ఉందని చెప్పండి.

మీ మామయ్య