పదకొండుసార్లు అదే నంబరు

పెద్దేముల్,
ఆగస్టు 4

బిడ్డ అంబికకు నాయన రాసేది.

నిన్ను మోమిన్‌పేట్‌లో మీ బీరమ్మత్త ఇంట్లో దింపి వచ్చేటప్పుడు నేను ఒక్క మాటా అనలేదు. నోటితో చెప్పడం నాకు రాదు. నేను మంద తోలుకొని పోయాక, ఇంట్లో ఉన్న ఫోన్ నుంచి ఒకే నంబరుకు పదకొండుసార్లు చేశావు. ఎవడని అడిగితే తల వంచుకొని "ఎవ్వలు లేరు నాయనా" అన్నావు. లేనివాడికి పదకొండుసార్లు ఎవరైనా చేస్తారా? మీ అమ్మ పోయాక ఇంట్లో మిగిలింది మనిద్దరమే. నాకు తెలియకుండా మూడో మనిషి వచ్చాడంటే తప్పు నీదో నాదో తేల్చుకోలేకపోతున్నాను. తాండూరు కాలేజీ ఇక చాలు. వాడి పేరు చెప్పేదాకా అక్కడే ఉండు.

మీ నాయన,
కిష్టప్ప

తాండూరు బస్టాండ్,
ఆగస్టు 9

నా బిడ్డ అంబికకు,

ఈ ఉత్తరం పోస్టులో వేయను. నేనే తెచ్చి నీ చేతికిస్తాను. నీ ఎదురుగా నిలబడితే నాకు మాట రాదు కనుక, మోమిన్‌పేట్ దారిలో ఎక్కాల్సిన వికారాబాద్ బస్సు వచ్చేలోపు రాస్తున్నాను.

ఈ పొద్దున మీ అత్త ఫోన్ చేసింది. "అన్నా, పిల్ల ముద్ద ముడుతలేదు. నేను లేకుంటెనన్న మా నాయన ఇజ్జత్ నిలుస్తదా అత్తా అని అడుగుతున్నది. నాకు భయమైతున్నది" అన్నది. నాకు వచ్చింది భయం కాదు, కోపం. అంతా వాడివల్లేననుకున్నాను. గొర్రెలను దొడ్లోనే వదిలి, వాడిని నాలుగు తిట్టాలని ఆ నంబరుకు చేశాను.

ఒక ఆడమనిషి ఎత్తింది. "చెప్పండి, వింటున్నాను" అన్నది. ఇది ఎవరి నంబరని అడిగాను. మనసు బాగాలేనివాళ్లు, బతకాలని అనిపించనివాళ్లు మాట్లాడుకునే నంబరట. నా బిడ్డ ఏం చెప్పిందని అడిగితే, ఎవరి మాటలూ ఎవరికీ చెప్పబోమన్నది. మీ అత్త అన్న మాటలన్నీ ఆమెకు చెప్పాను. ఆమె అంతా విని "మీ పాప ఇప్పుడు ఒంటరిగా ఉందా?" అని అడిగింది.

"నేనే ఒంటరిగ పెట్టిన" అన్నాను.

నిన్ను ఒక్కదాన్నే వదలొద్దని, చేనుకు కొట్టే మందులు తాళం వేసి పెట్టాలని ఆమె చెప్పింది. వెంటనే మీ అత్తకు ఫోన్ చేశాను. ఆమె నీ పక్కనుంచి కదలకపోతే కోపం చేసుకోకు.

తర్వాత ఫోన్‌లో తేదీలు చూసి, రోజూ రాసుకునే నా పుస్తకం తీశాను. నువ్వు మొదటిసారి చేసింది జూన్ పదిహేడున. నల్లమూతి గొర్రె రెండు పిల్లలను ఈనిందని, వాన పడలేదని ఆ రోజు రాసి ఉంది. మిగతా తేదీలన్నీ తిప్పాను. మేత మానేసిన గొర్రెలు, కుంటుతున్న గొర్రెలు అన్నీ ఉన్నాయి. నువ్వు ఎక్కడా లేవు. ఇంట్లో ఇద్దరమే ఉండి కూడా, ఎట్లున్నవని అడగవలసినచోట ఎవడని అడిగాను.

వికారాబాద్ పెద్దాసుపత్రిలో మనసుకు చూసే డాక్టరు ఈ రోజు సాయంత్రం దాకా ఉంటారని ఆ నంబరులో మాట్లాడినామే కనుక్కొని చెప్పింది. మందను పక్కింటి బాలస్వామికి అప్పగించాను. కాలేజీ సంగతి నువ్వే చెప్పు, నీ ఇష్టం. లోపల డాక్టరుకు ఏం చెప్పుకున్నా సరే, నామీద చెప్పుకున్నా సరే, నేను అడగను. ఎంతసేపైనా బయట కూర్చుంటాను.

చదివాక నువ్వు జవాబు ఏమీ చెప్పనక్కర్లేదు. చెప్పులు వేసుకో బిడ్డా, పోదాం.

నీ ముందర నిలబడి ఉన్న,
నాయన