ఏడువేల ఏభై కిలోసైకిళ్ల గట్టు

విశాఖపట్నం జిల్లా చోడవరం కాపురస్తుడను, తంతి ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన యడ్ల కృపారావు అనే నేను, అరవై మూడేళ్ల వయస్సులో, బుద్ధి స్థిరంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. బుద్ధి స్థిరంగా ఉందని డాక్టరుగారు ఒప్పుకున్నారు. పెరట్లో వెదురు గెడ పాతి, దానికి తీగ కట్టి, ముక్కూ మొహం తెలియని వాళ్లతో రేడియోలో టకటకలాడే మనిషికి అది ఎప్పట్నుంచి ఉందని నా కొడుకు అడిగాడు.

1. ఇల్లు, రోలుగుంటలోని ఎకరం చెరకు భూమి నా కుమారుడు సత్యరాజుకు చెందవలెను. వెదురు గెడ చెందదు. నా ప్రాణం పోయిన గంటలో దాన్ని నరికేస్తాడు. అందుకని గెడ నిలిచిన చోటు, పక్క గది, అక్కడికి నడిచే దారి నా కుమార్తె వరమ్మకు రాశాను.

2. వినే రేడియో, చెవులకు తగిలించుకునే ఫోన్లు వరమ్మవి. ఫోన్లలో ఎడమది నా భార్య కృపామణిది. ఆమెకు మోర్సు, అంటే ఆ టకటకల భాష, ఒక్క అక్షరం రాదు. అయినా పక్కన కూర్చుని చెవికి ఆనించుకుని, "ఏటంటన్నాడు?" అని అడిగేది. పోయి ఏడాదైంది. ఆ అడిగే మనిషి లేక నాకు వినబుద్ధి కావడం లేదు.

3. పంపే యంత్రం, అంటే ట్రాన్స్‌మిటరు, వరమ్మకే రాద్దామనుకున్నాను. లైసెన్సు లేనివాళ్ల దగ్గర అది ఉండరాదట. లైసెన్సు వారసత్వంగా రాదు, పరీక్ష పాసవ్వాలి. వరమ్మ వేలు నాకంటే చురుకు, ఆరు నెలల్లో పాసవుతుంది. అందాకా లైసెన్సున్న మనిషి దాచకపోతే ప్రభుత్వంవారు పట్టుకుపోతారు, ఆ పిల్లకు అలాంటిది మళ్లీ దొరకదు. ఈ తాలూకాలో నేను కాక అలాంటి మనిషి ఒక్కడే: మిలటరీ సిగ్నల్స్‌లో చేసి వచ్చిన బంగార్రాజు. చట్టం నామీద కక్ష కట్టింది.

4. బంగార్రాజు గురించి నా కార్యనిర్వాహకులు ప్లీడరు గణపతిరావుగారు తెలుసుకోవలసినది. రేడియోలో మాలాంటి వాళ్లకు వదిలిన నలభై మీటర్ల పట్టీలో, అంటే 7000 కిలోసైకిళ్ల నుంచి మొదలయ్యే జాగాలో, కింది భాగం మోర్సు కొట్టేవాళ్లకు, పై భాగం నోటితో మాట్లాడేవాళ్లకు అని పెద్దమనుషుల ఒప్పందం. మేము చోడవరం వాళ్లం కనక ఒప్పందం చాలలేదు. 1949లో 7050 కిలోసైకిళ్ల దగ్గర హద్దు వేసుకుని, స్టాంపు కాగితం మీద పంపకం దస్తావేజు రాసుకుని రిజిస్ట్రాఫీసుకు పట్టుకెళ్లాం. గుమాస్తా సర్వే నంబరు అడిగాడు. తూర్పు హద్దు ఏమిటన్నాడు. తిప్పి పంపాడు. వారం తిరక్కుండా బంగార్రాజు గొంతు నా వైపు పొర్లింది. అడిగితే బజారులో నలుగురి ముందు, "గాలికి గట్లేటి కృపారావూ? ఆస్ట్రేలియావోడు నీ మడిలోకొచ్చి కొడతన్నాడు, ఆడి మీద దావా ఎయ్యి" అన్నాడు. ఎనిమిదేళ్లుగా ముఖాముఖి మాటల్లేవు. ఫిర్యాదు ఉత్తరాలు మాత్రం నెలనెలా రాశాను.

5. 1954 తుఫానులో తంతి తీగలు తెగిపోయాయి. కృపామణికి ఇంజెక్షను విశాఖపట్నం నుంచి రావాలి. నా కింది భాగంలో అరగంట కొట్టాను, ఎవరూ పలకలేదు. సిగ్గు విడిచి పై భాగంలోకి వెళ్లి మైకు పట్టుకున్నాను. అక్కడ బంగార్రాజు ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నా గొంతు వినగానే ఆపేసి, "అందరూ నోరు మూసుకోండి, మా కృపారావు మాటాడతన్నాడు" అన్నాడు. రెండు గంటలు ఎవరినీ అటు రానివ్వలేదు. విశాఖలో ఒకాయన పలికాడు, మందు మర్నాడు లారీలో వచ్చింది. నా భార్య ఇంకో రెండేళ్లు బతికింది. తర్వాతి వారం బంగార్రాజుకు నేను ఉత్తరం రాశాను, ఆ రోజు అతని గొంతు 7048 దాకా వచ్చిందని. కృతజ్ఞత మాట అందులో లేదు. ఇందులో రాస్తున్నాను. నేను పోయాక చేరేలా చెప్పడం పిరికితనమే.

6. కావున ట్రాన్స్‌మిటరు బంగార్రాజు స్వాధీనంలో ఉండవలెను. లైసెన్సు వచ్చిన రోజునే వరమ్మకు అప్పగించవలెను. అతను అప్పగిస్తాడు. నాకు అనుమానం లేదు, అదే నా బాధ.

7. కింది భాగంలో నేను రోజూ కూర్చునే 7012ని కూడా రాసెయ్యమని సత్యరాజు వెటకారం చేశాడు. అది నాది కాదు, రాయలేను. అక్కడ పద్ధతి ఒక్కటే. ముందు వినాలి. తర్వాత, ఎవరైనా ఉన్నారా అని మోర్సులో అడగాలి. జవాబొస్తే పక్కకు తప్పుకోవాలి. వరమ్మా, మొదటి రోజు నువ్వూ అడుగు. రెండుసార్లు అడుగు. జవాబు రాదు. అప్పుడు మొదలుపెట్టు.

చోడవరం, 1957 ఆగస్టు 12.
(సంతకం) యడ్ల కృపారావు

సాక్షులు:
దాసు, బడి హెడ్మాస్టరు
నూకరత్నం, నర్సు