ఎండలో పెట్టిన కాంగా

గురువారం, జాబ్రియా

లాటిన్ బ్యాండు వాళ్ళ వ్యాన్ నడపమంటే నడపాలి గానీ, వాళ్ళ డ్రమ్ము జోలికి నేనెందుకు పోవాలి? ఉక్కకు లూయిస్ వాయించే కాంగా డ్రమ్ము తోలు మెత్తబడి సరిగ్గా మోగలేదు. మా ఊళ్ళో డప్పు కాచినట్టు, వాళ్ళు భోజనానికి పోగానే దాన్ని ఎండలో పెట్టాను. ఇక్కడి ఎడారి ఎండ సంగతి మరిచాను. తోలు నిలువునా చీలింది.

మేనేజరు లూయిస్ మీద అరిచాడు. "నేనే బయట మరిచిపోయానేమో" అన్నాడతను. నేను స్టీరింగు వదలకుండా రోడ్డుకేసే చూశాను.

నా గదిలోనే ఉండే మస్తాన్‌కు చెప్తే, "నోరు మూసుకోని ఉండబ్బా! వీసా ఇచ్చిన కఫీల్‌కు తెలిస్తే ఖలాస్, నేరుగా రాయచోటికే" అన్నాడు.

రేపు కబ్ద్ ఎడారి క్యాంపులో ప్రోగ్రాం. లూయిస్‌ను ఎక్కించుకొని రాత్రిదాకా షాపులు తిరిగినా వేరే తోలు దొరకలేదు. పొద్దున్నే చెప్పేయాలి. చెప్తే...

ఇందాక వ్యాన్ దిగుతూ లూయిస్ నా భుజం తట్టాడు. "నావల్ల నీకు లేటయింది, సారీ" అన్నాడు.